నూకరత్నం స్వయంసారథ్య యాత్ర

నూకరత్నం కారు నడపడం నేర్చుకునేసరికి ఆమెకు యాభై దాటాయి. అనకాపల్లిలో మోటారు పంపుల దుకాణం నడిపే ఆమె భర్త సన్యాసిరావుకి ఆ ఏడాది కంటి ఆపరేషనయింది. ఇంట్లో కారుంది, నడిపే మనిషి లేడు. కూరగాయల మార్కెట్టుకి ఆటో కోసం నిలబడీ నిలబడీ విసుగెత్తిన నూకరత్నం ఒకరోజు చీరకొంగు బొడ్లో దోపి డ్రైవింగు స్కూలుకి వెళ్ళింది. ఆ తర్వాత సన్యాసిరావు కన్ను బాగయింది గానీ తాళంచెవి మాత్రం మళ్ళీ ఆయన చేతికి రాలేదు.

ఆయన దానికి పెద్దగా బాధపడలేదు. పక్క సీట్లో కూర్చుని, ఎడంచేత్తో తలుపు పైన ఉండే పిడినీ కుడిచేత్తో హ్యాండుబ్రేకునీ పట్టుకుని, ఇల్లు కదిలినప్పటినుంచి ఇల్లు చేరేదాకా “మెల్లగా, మెల్లగా” అంటూండేవాడు. అందువల్ల నూకరత్నం మార్కెట్టూ, అమ్మవారి గుడీ, ఆడపడుచు ఇల్లూ దాటి ఎక్కడికీ కారు నడిపింది లేదు. ఒక పక్క సముద్రం పరుగెడుతూంటే దాని పక్కనే తనూ దూసుకుపోతూ ఒక్కసారైనా కారు నడపాలని ఆమె కోరిక. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే దానిక్కూడా “మెల్లగా” అంటారు.

అలాంటి సమయంలో పేపర్లో ఆ ప్రకటన పడింది.

“సముద్రం మీదే! ద్రాక్షతోట మీదే! అడవి మీదే! స్టీరింగూ మీదే! తీరగిరి జిల్లా పర్యాటక ప్రాధికార సంస్థ వారి సాగర ద్రాక్షా మృగ స్వయంసారథ్య యాత్ర. మీ కారులో, మీ చేత్తో, మీ ఇష్టం వచ్చినట్టు!”

“తీరగిరిలో ద్రాక్షతోటలెక్కడివే?” అన్నాడు సన్యాసిరావు. “నేను పాతికేళ్ళు ఆ జిల్లాలో పంపులమ్మాను. జీడితోటలకి అమ్మాను, కొబ్బరితోటలకి అమ్మాను. ద్రాక్షతోటకి ఒక్క పంపమ్మితే ఒట్టు.”

“కొత్తగా వేశారేమోనండీ. పేపర్లో పడింది కదా.”

“అడివి మాత్రం? అక్కడున్న పెద్ద జంతువు ఊరపంది.”

నూకరత్నం అప్పటికే ఫోన్లో తన పేరు నమోదు చేసేసింది. సంస్థ నుంచి వెంటనే జవాబొచ్చింది. అంత వెంటనే ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది. పేరిచ్చింది ఆమె ఒక్కతే.

ఆ యాత్ర పుట్టుక ఇలా జరిగింది. సంస్థ డైరెక్టరు పరాంకుశంగారిని ప్రభుత్వం అధ్యయనం నిమిత్తం ఎక్కడో దక్షిణాన ఉన్న దేశానికి పంపింది. అక్కడి జనం తమ కార్లు తామే నడుపుకుంటూ పొద్దున సముద్రం చూసి, మధ్యాహ్నం ద్రాక్షతోటలో వైను రుచి చూసి, సాయంత్రానికి సింహాల మధ్యకి పోవడం ఆయన కళ్ళారా చూశారు. తిరిగొచ్చి, తీరగిరి జిల్లాకి ఇందులో మూడో వంతు దేవుడు ముందే ఇచ్చాడనీ, మిగిలిన రెండు వంతులూ ఇవ్వడం సంస్థ బాధ్యతనీ ప్రకటించారు. ఆరు నెలలకల్లా శిలాఫలకాలు వెలిశాయి.

*

ప్రారంభోత్సవం సముద్రపొడ్డున జరిగింది. నూకరత్నం ఆ రోజు పోచంపల్లి చీర కట్టుకుంది, సన్యాసిరావు ఎండకి టోపీ పెట్టుకున్నాడు. కారు ముందురోజే కడిగించింది. అక్కడికి చేరేసరికి మైకూ, శాలువా, బొకే సిద్ధంగా ఉన్నాయి. పొట్టిగా, తెల్లగా, నల్లకళ్ళద్దాలతో ఉన్న పెద్దమనిషి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఆయనే పరాంకుశంగారు.

“సుస్వాగతం మేడమ్. ఈ జిల్లా చరిత్రలో తొలి స్వయంసారథి మీరు. స్వయంసారథ్యం అనగా వాహనాన్ని పర్యాటకులే స్వయంగా నడుపుకొనుట. ఇందులో సంస్థ జోక్యం లేశమాత్రమూ ఉండదు.”

“చాలా సంతోషమండీ. మరి ఈ బళ్ళన్నీ ఏటండీ?” అని అడిగింది నూకరత్నం.

ఆమె కారుకి ముందు ఒక పోలీసు జీపుంది. వెనక సంస్థవారి కారు, దాని వెనక అంబులెన్సు, దాని వెనక ఫైరింజను, దాని వెనక క్రేను, అన్నిటికీ వెనక ఒక పొడవాటి ఖాళీ లారీ నిలబడి ఉన్నాయి.

“అవి మీ స్వేచ్ఛకు భంగం కలగకుండా చూసే రక్షణ శ్రేణి” అన్నారు పరాంకుశం. “ఎటు వెళ్ళాలో జీపు చూపిస్తుంది. ఎంత వేగమో మేము నిర్ణయిస్తాం. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగినప్పుడు ఏ దిక్కుకు చూడాలో కూడా ముందే ఖరారైంది. మీకు ఏ శ్రమా లేదు.”

“మరి నేనేటి చెయ్యాలండీ?”

“స్టీరింగు పట్టుకోవాలి మేడమ్. అది మాత్రం పూర్తిగా మీ ఇష్టం.”

సన్యాసిరావు ఖాళీ లారీ ఎందుకని అడిగాడు. పరాంకుశంగారు కాస్త ఆలోచించి, అది ఖర్చుల అంచనాల్లో ఉందని చెప్పారు.

జీపులోంచి ఎస్సై తవిటినాయుడు దిగి సెల్యూట్ కొట్టాడు. మనిషి బారుగా, ఉన్నదున్నట్టు మాట్లాడే రకంగా ఉన్నాడు. “ట్వంటీ దాటకండి మేడమ్” అని చెప్పి వెళ్ళి జీపెక్కాడు. ఊరేగింపు కదిలింది.

సముద్రం ఎడంపక్కన ఉండాలి. అలల చప్పుడు వినబడుతోంది, ఉప్పుగాలి ముక్కుకి తగులుతోంది. కానీ రోడ్డు పొడవునా మనిషెత్తుకి మించి ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. ఆ ఫ్లెక్సీల మీద సముద్రం బొమ్మ ఉంది. నీలంగా, అద్దంలా, ఒడ్డున తెల్లవాళ్ళు గొడుగుల కింద పడుకుని ఉన్న సముద్రం.

నూకరత్నం కారాపింది. వెనక అన్ని బళ్ళూ వరసగా కీచుమన్నాయి. పరాంకుశంగారు దిగి పరుగెత్తుకొచ్చారు.

“ఏమైంది మేడమ్?”

“సముద్రానికి అడ్డంగా సముద్రం బొమ్మ కట్టారేటండీ?”

“మంచి ప్రశ్న. స్వయంసారథి చూపు రోడ్డు మీద ఉండాలి. సముద్రం కనిపిస్తే చూపు మళ్ళుతుంది, మళ్ళితే ప్రమాదం. కాబట్టి భద్రతా విభాగం సముద్రాన్ని మూసేయమంది. అయితే తీర సౌందర్యం చూపిస్తామని ప్రకటనలో మాట ఇచ్చాం. పర్యాటకులను మోసం చేయడం సంస్థ విధానం కాదు. అందుచేత బొమ్మ.”

“ఇది మన సముద్రం కాదు కదండీ?”

“ఇది మనదానికంటే నాణ్యమైనది” అన్నారు పరాంకుశంగారు వినయంగా.

కారు మళ్ళీ కదిలింది. పుల్లైసు అమ్ముకునే సైకిలాయన గంట కొట్టుకుంటూ మొత్తం ఊరేగింపుని దాటిపోయాడు. పోతూ పోతూ కారులోకి తొంగిచూసి, “పెళ్ళోరా అమ్మా?” అని అడిగాడు.

“మెల్లగా” అన్నాడు సన్యాసిరావు అలవాటు కొద్దీ.

*

ద్రాక్షతోట ఒక మెట్టమీద ఉంది. నాపరాతి స్తంభాల మీద తీగల పందిరి, దానిమీద పచ్చగా అల్లుకున్న పాదు, కింద నల్లద్రాక్ష గుత్తులు. చూడటానికి బాగుంది. నూకరత్నం పందిరి కిందకి వెళ్ళి తలెత్తి చూసింది. పసుపుపచ్చ పూలు కనిపించాయి. ఇంకాస్త పరికించి చూస్తే ఆకుల మధ్య చేతిపొడవున్న బీరకాయొకటి వేలాడుతోంది. దాని పక్కనే తెల్లదారంతో కట్టిన ద్రాక్షగుత్తి ఉంది.

“ఇది బీరపాదండీ!” అంది.

“ప్రారంభ దశలో ద్రాక్ష ఇలాగే ఉంటుంది మేడమ్” అన్నారు పరాంకుశంగారు.

“మరి ఈ దారం?”

“తల్లికీ బిడ్డకీ బంధం.”

సన్యాసిరావుకి నవ్వాగక దగ్గుతూ పందిరి అవతలికి పోయాడు. సంస్థవాళ్ళు తొలి స్వయంసారథికి గుర్తుగా పెద్దపెద్ద ద్రాక్షగుత్తులు దండలా గుచ్చి ఆమె కారు బానెట్టుకి కట్టారు. తర్వాత వైను రుచి కార్యక్రమం మొదలైంది. శిలాఫలకం పక్కన తెల్లగుడ్డ పరిచిన బల్లమీద గాజుగ్లాసులో ఎర్రటి ద్రవం పోసి నూకరత్నం చేతికిచ్చారు.

ఆమె జన్మలో మందు ముట్టలేదు. కానీ ఇంతదూరం వచ్చి వెనక్కి తగ్గడం ఇష్టంలేక, కళ్ళు మూసుకుని అమ్మవారిని తలుచుకుని గుక్కెడు తాగింది. తర్వాత కళ్ళు తెరిచి మిగిలింది కూడా తాగేసింది.

“బాగుందండీ. మా ఆడపడుచు పెళ్ళిలో ఇచ్చిన ద్రాక్ష స్క్వాషూ ఇదీ ఒక్కలాగే ఉన్నాయి.”

పరాంకుశంగారి ముఖం మాడింది. నిజానికి అది స్క్వాషే. ఎక్సైజు శాఖ వైనుకి అనుమతివ్వలేదు. కానీ ఫలకం మీద “వైను కేంద్రం” అని బంగారురంగు అక్షరాలతో చెక్కేశారు. చెక్కినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి సంస్థలో లేదు.

నూకరత్నం తాళంచెవి తీసుకుని కారు వైపు నడిచింది. ఎస్సై తవిటినాయుడు మర్యాదగా అడ్డం నిలబడ్డాడు. “తాగి నడపకూడదు మేడమ్. ఒకసారి ఇందులో ఊదండి” అని చేతిలోని యంత్రం ముందుకు చాపాడు. ఆమె ఊదింది. సున్నా వచ్చింది.

“ఏమీ లేదు సార్. మేడమ్ వెళ్ళొచ్చు” అన్నాడు ఎస్సై.

“ఆగవయ్యా!” అన్నారు పరాంకుశంగారు. “సున్నా ఎలా వస్తుంది? మేడమ్ ఇప్పుడే అందరి ఎదుటా మా వైను సేవించారు.”

“మిషను సున్నా అంటోంది సార్.”

“అంటే మీ మిషను మా వైనుని శంకిస్తోందా? మంత్రిగారు స్వహస్తాలతో ఆవిష్కరించిన ఫలకాన్ని శంకిస్తోందా?”

తవిటినాయుడు యంత్రాన్ని చూశాడు, ఫలకాన్ని చూశాడు. యంత్రం చిన్నది, ఫలకం పెద్దది. “మిషనులో ఏదో లోపం ఉండుంటుంది సార్” అన్నాడు.

“కాబట్టి మేడమ్ మత్తులో ఉన్నారు.”

“నేనా?” అంది నూకరత్నం.

“మత్తులో ఉన్నవారికి ఆ సంగతి తెలియదు మేడమ్. అదే దాని లక్షణం” అన్నారు పరాంకుశంగారు జాలిగా.

సన్యాసిరావు ముందుకొచ్చాడు. “పోనీండి, నాకు లైసెన్సుంది. నేను నడుపుతాను.”

“అలా వీల్లేదు సార్. నమోదు మేడమ్ పేర ఉంది. మీరు నడిపితే అది పరసారథ్యం అవుతుంది. పరసారథ్య యాత్రకి మా సంస్థలో వేరే విభాగం, వేరే డైరెక్టరు.”

“అయితే ఇక్కడే ఉండిపోతాం” అన్నాడు సన్యాసిరావు.

“యాత్ర మధ్యలో ఆగితే అసంపూర్ణ స్వయంసారథ్యం అవుతుంది. అది మొదటి యాత్రకే జరిగితే...” పరాంకుశంగారు మాట పూర్తిచెయ్యలేక చెమట తుడుచుకున్నారు.

నూకరత్నం నడపకూడదు. ఇంకెవరూ నడపకూడదు. కారు మాత్రం అడవికి చేరాలి. అందరూ బీరపందిరి కింద నిలబడి చాలాసేపు ఆలోచించారు. చివరికి పరాంకుశంగారి చూపు మెల్లగా తిరిగి, అన్నిటికీ వెనక ఎండలో నిలబడ్డ ఖాళీ లారీ మీద ఆగింది. ఆయన ముఖం వెలిగింది.

“నేను అంచనాల్లో ఉందన్నానా లేదా?” అన్నారు.

*

క్రేను కారుని ఎత్తి లారీ మీద పెట్టింది. చక్రాలకి తాళ్ళు కట్టారు. నిచ్చెన వేసి ఇద్దర్నీ ఎక్కించి, నూకరత్నాన్ని స్టీరింగు ముందూ సన్యాసిరావుని పక్క సీట్లోనూ కూర్చోబెట్టారు. ఇంజను ఆపి ఉంది కాబట్టి ఆమె నడపడం లేదు, అందుచేత తాగి నడిపిన నేరం లేదు. డ్రైవరు సీట్లో ఆమే ఉంది కాబట్టి స్వయంసారథ్యానికీ లోటు లేదు. పరాంకుశంగారు ఈ రెండు వాక్యాలనీ రెండుసార్లు పైకి చదువుకుని తృప్తిపడ్డారు.

లారీ కదిలింది. మెట్ట దిగి మళ్ళీ సముద్రం రోడ్డెక్కింది. అప్పుడు నూకరత్నం “అబ్బ!” అంది.

లారీ ఎత్తు మీంచి ఫ్లెక్సీలు మోకాటికి కూడా రావడం లేదు. వాటికవతల, అంతదాకా ఎవరో దాచిపెట్టినట్టున్న సముద్రం ఒక్కసారిగా పరుచుకుంది. అది నీలంగా లేదు. దగ్గర మట్టిరంగు, కాస్త దూరంలో ఆకుపచ్చ, ఇంకా దూరాన వెండిలా తళతళ. తెప్పలు తిరిగొస్తున్నాయి. ఒడ్డున ఆడవాళ్ళు గంపలు పట్టుకుని కేకలేసుకుంటున్నారు. గాలికి నూకరత్నం జుట్టు ముడి ఊడిపోయింది. ఆమె దాన్ని సర్దుకోలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. సంతోషం పట్టలేక కాస్త ఎడమకీ కాస్త కుడికీ తిప్పింది.

“మెల్లగా! మెల్లగా!” అని అరిచాడు సన్యాసిరావు, హ్యాండుబ్రేకు బిగించి పట్టుకుని.

“ఇంజను ఆపేసుందండీ.”

“అయినా మెల్లగా!”

ఆమె హారను కొట్టింది. ఒడ్డునున్న ఆడవాళ్ళు తలెత్తి, లారీ మీద కారునీ, కారులో పోచంపల్లి చీరనీ, బానెట్టు మీద ద్రాక్షదండనీ చూసి చేతులూపారు. నూకరత్నం కూడా ఊపింది. ఆమె నిజంగానే కాస్త మత్తులో ఉన్నట్టుంది.

*

అడవి అంటే జీడితోట. ఇసకనేల, గొడుగుల్లా నేలకి వంగిన చెట్లు, కొమ్మలకి ఎర్రగా, పసుపుగా పండిన జీడిమామిడి పళ్ళు. ముందర ఇనుప కమాను మీద “మృగ విహార క్షేత్రం” అని రాసి ఉంది. పరాంకుశంగారు గడియారం చూసి, సంస్థ అంచనా ప్రకారం మేడమ్‌గారి మత్తు ఇప్పుడు దిగిపోయిందని ప్రకటించారు. ఎస్సై యంత్రం తియ్యబోతే వద్దని చెయ్యి ఊపారు. క్రేను కారుని కిందికి దింపింది. కారు ఇసకబాటలో కాస్త దూరం పోయాక పరాంకుశంగారు నడిచొచ్చి ఆపమన్నారు.

“మేడమ్, నిశ్శబ్దం. కుడివైపు చూడండి. అడవిదున్న.”

జీడిచెట్టు కింద ఒక నల్లటి జంతువు తీరిగ్గా నెమరేస్తోంది. దాని నాలుగు కాళ్ళకీ మోకాళ్ళదాకా సున్నం పూసి ఉంది. అడవిదున్నకి కాళ్ళు తెల్లగా ఉంటాయని పరాంకుశంగారు ఎక్కడో చదివారు.

“మెడలో గంటుందేటండీ?” అంది నూకరత్నం గొంతు తగ్గించి.

“రేడియో కాలరు.”

అప్పుడే చెట్ల వెనకనుంచి ఆడగొంతు వినబడింది. “ఒలే గౌరీ! ఎక్కడ సచ్చినావే? ఏల మించిపోతంది!”

అడవిదున్న చెవులాడించి “మ్మే” అని బదులిచ్చింది. చేతిలో స్టీలు చెంబుతో, నడుముకి బిగించి కట్టిన చీరతో ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె పేరు పోలమ్మ, గేదె యజమాని. వచ్చీ రావడంతోనే గేదె కాళ్ళు చూసి గుండె బాదుకుంది. “ఓలమ్మో, నా గేదెకి గోడకేసినట్టు సున్నమేసీసినారు! ఎవులు సేసినారిది?”

“అమ్మా, వన్యప్రాణిని పేరుపెట్టి పిలవరాదు” అన్నారు పరాంకుశంగారు.

“ఎవులు బాబూ వన్యప్రాణి? ఇది నా గౌరి. పొద్దు వాలతంది, పాలు తియ్యాల. జరుగు.”

“వన్యప్రాణి శరీరం నుంచి ఉత్పత్తులు సేకరించడం నేరం. ఎస్సైగారూ, ఈమెను అదుపులోకి తీసుకోండి.”

తవిటినాయుడు జీపు దిగి వచ్చి గేదెని చుట్టూ తిరిగి చూశాడు. “కేసు కడతాను సార్. కానీ ఏమని రాయమంటారు? గేదె పాలు పితికిందని రాస్తే నేరం కాదు. దున్న పాలు పితికిందని రాస్తే కోర్టు నన్ను చూసి నవ్వుద్ది సార్.”

పరాంకుశంగారు జేబులో నిబంధనల పుస్తకం వెతుక్కుంటూండగా పోలమ్మ గేదె పక్కన గొంతుక్కూచుంది. కూర్చున్నదల్లా చెంబు పట్టుకుని ఒక్క ఉదుటున లేచింది.

“బాబూ, ఎలుగ్గొడ్డు” అంది.

జీడిచెట్టు అవతల నల్లటి జూలు, ఛాతీ మీద తెల్లటి గీత, తెల్లటి మూతి. కిందపడ్డ జీడిపళ్ళని ఊదుకుంటూ తింటోంది. దానికి ఎవరూ ఏమీ పూయలేదు. తలెత్తి వీళ్ళవైపు చూసి, రెండు కాళ్ళమీద లేచి నిలబడింది.

“ఇది కార్యక్రమంలో లేదు” అన్నారు పరాంకుశంగారు. “దీన్ని ఎవరు అనుమతించారు? ఈ ఎలుగుబంటి మా సంస్థది కాదు!”

“ఎవరిదైనా సార్, ఇటే వస్తోంది” అని తవిటినాయుడు జీపెక్కి ముందుకు ఉడాయించాడు.

తర్వాతిదంతా క్షణాల్లో అయిపోయింది. వెనక ఇసకబాటలో ఉన్న రక్షణ శ్రేణి అంతా ఒకేసారి వెనక్కి నడవసాగింది. ఫైరింజను గంట మోగించింది. అంబులెన్సు కూత పెట్టింది. క్రేను ఒక జీడికొమ్మని విరిచి తనతో తీసుకుపోయింది. సంస్థవారి కారు తన డైరెక్టర్ని మర్చిపోయి అందరికంటే ముందు కమాను దాటింది. ఆ గోలకి గౌరి తనని కట్టేసిన తాడు తెంపుకుని తెల్లకాళ్ళతో ఊరివైపు పరుగు తీసింది.

“ఎక్కండి!” అని అరిచింది నూకరత్నం. పోలమ్మ ఒక తలుపులోంచి, పరాంకుశంగారు రెండో తలుపులోంచి వెనకసీట్లోకి పడ్డారు. పరాంకుశంగారు అక్కణ్ణుంచి కూడా జారి సీట్ల మధ్య నేలమీద ముడుచుకున్నారు.

ఎలుగుబంటి నేరుగా కారు దగ్గరకొచ్చింది.

“హారను కొట్టు” అన్నాడు సన్యాసిరావు పెదాలు కదలకుండా.

“వద్దమ్మా, అది బెదిరిందంటే అద్దాలు మిగలవు” అంది పోలమ్మ.

నూకరత్నం ఇంజను ఆపేసింది. ఎలుగుబంటి ముందుకాళ్ళు రెండూ బానెట్టు మీద పెట్టింది. కారు కాస్త కిందికి కుంగింది. దాని మూతి ద్రాక్షదండని వాసన చూసింది. తర్వాత ఒక్కో గుత్తినీ పీకి, చప్పరించి, దారాన్ని పక్కకి ఉమ్మేస్తూ తినడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తి అద్దంలోంచి నూకరత్నం ముఖంలోకి చూసింది. చిన్నచిన్న కళ్ళు, తడిముక్కు, గడ్డం నిండా ద్రాక్షరసం. ఆమె భయపడటం మర్చిపోయింది.

“ఎంత ముద్దుగా ఉందండీ” అంది.

సన్యాసిరావు హ్యాండుబ్రేకుని రెండు చేతులతో పైకి లాగుతున్నాడు. ఆమె ఆయన చేతిమీద చెయ్యి వేసింది. “కారు ఆగే ఉందండీ. వదలండి.”

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె ఎలుగుబంటిని చూసి నవ్వుతోంది. ఆయన మెల్లగా బ్రేకు వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

చివరి గుత్తి అయిపోయాక ఎలుగుబంటి బానెట్టుని ఒకసారి నాకి, కాళ్ళు దించి, వెనక్కి చూడకుండా చెట్లలోకి పోయింది.

“వెళ్ళిందా?” అన్నారు కిందనుంచి పరాంకుశంగారు.

“వెళ్ళిందండీ. లేచి కూర్చోండి.”

“నేను చూడలేదు కాబట్టి అది రానట్టే” అన్నారు ఆయన లేచి కళ్ళద్దాలు వెతుక్కుంటూ. అప్పటికే నూకరత్నం ఇంజను వేసింది. “మేడమ్, ఆగండి! పైలట్ వాహనం లేకుండా కదలరాదు. రక్షణ శ్రేణి తిరిగొచ్చేదాకా...”

కారు కదిలింది. బాట రెండుగా చీలిన చోట ఆమె క్షణం ఆగింది.

“అధీకృత మార్గం కుడివైపు మేడమ్!”

“మా ఊరు ఎడమేపమ్మా” అంది పోలమ్మ. “గౌరి అటే పోనాది.”

“కుడివైపు తప్ప వేరే మార్గం సంస్థ ఆమోదించ...”

“ఊరుకోండి బాబూ” అన్నాడు సన్యాసిరావు వెనక్కి తిరిగి. “ఆవిడ నడుపుతోంది కదా.”

ఆ మాట విని నూకరత్నం ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆయన సిగ్గుపడతాడు. ఎడమకి తిప్పి గేరు మార్చింది. ఇసకలో కారు సర్రున సాగింది.

*

పోలమ్మ ఇంటిముందు గౌరి ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. పోలమ్మ కాళ్ళ సున్నం కడిగి, పాలు తీసి, అందరికీ టీ పెట్టింది. పరాంకుశంగారు అరుగు చివర కూర్చుని గ్లాసు ఊదుకుంటూ తాగారు.

“ఎలాగుంది బాబూ మా అడివిదున్న పాల టీ?”

“చాలా బాగుందమ్మా” అన్నారు ఆయన. ఆ రోజు అధికారి వాసన లేకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

బయల్దేరేటప్పుడు ఆయన కారు పక్కన తచ్చాడారు. తన బండి పోయింది. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. కాలినడకన పోవాలంటే జీడితోట దాటాలి. “మేడమ్, నన్ను ఎక్కడ దింపగలరు?” అని అడిగారు.

“ఎక్కడికెళ్తానో నాకే తెలీదండీ. రండి, కూర్చోండి.”

ఆయన వెనకసీట్లో బుద్ధిగా కూర్చున్నారు. ఊరు దాటాక కొబ్బరితోటల మధ్య నుంచి ఒక సన్నటి రోడ్డు సముద్రంవైపు దిగుతోంది. దానిమీద ఫ్లెక్సీ లేదు, ఫలకం లేదు. దిగేకొద్దీ ఆకుల సందుల్లోంచి నీళ్ళు మెరిశాయి. తర్వాత చెట్లు అయిపోయి, రోడ్డు ఒడ్డు వెంబడే తిరిగింది. నూకరత్నం అద్దాలన్నీ దించి వేగం పెంచింది. సన్యాసిరావు టోపీ ఎగిరిపోతే పోనిమ్మన్నాడు. కాసేపటికి ఆమెకి ఆగాలనిపించింది. ఆగింది. అక్కడే ఎందుకాగిందో ఆమెనెవరూ అడగలేదు.

అందరూ దిగారు. పరాంకుశంగారు కాసేపు కారు పక్కనే నిలబడ్డారు. తర్వాత చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, తడి ఇసకలోకి నడిచారు. ఒక అల వచ్చి ఆయన పాదాలు ముంచింది. ఆయన చిన్నగా కేకపెట్టి, వెనక్కి తిరిగి నవ్వారు. ఈ జిల్లాకి వచ్చి మూడేళ్ళయిందనీ, సముద్రాన్ని ఇంత దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలనీ చెప్పారు.

అప్పుడు ఆయన ఫోను మోగింది. తవిటినాయుడు గొంతు అలల మీదుగా అందరికీ వినబడింది. “సార్! ఎక్కడున్నారు సార్? జిల్లా అంతా వెతుకుతున్నాం సార్!”

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు.

“నేను క్యాంపులో ఉన్నానయ్యా” అని ఫోను ఆపి జేబులో వేసుకున్నారు. తర్వాత నీళ్ళలోంచే నూకరత్నం వైపు తిరిగి, సెలవు చీటీ పట్టుకొచ్చిన గుమాస్తాలా చేతులు కట్టుకుని అడిగారు.

“మేడమ్, తమరు అనుమతిస్తే... ఇంకో పది నిమిషాలు ఉందామా?”